అరువు గొంతుల కథానాయికలు

రజనీకాంత్‌కు తెలుగులో డబ్బింగ్ ఎవరు చెబుతారని అడిగితే, సినిమాలు ఓ మోస్తరుగా చూసేవారు కూడా తడుముకోకుండా మనో పేరు చెబుతారు. కమల్ హాసన్ అనగానే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గుర్తుకొస్తారు. సుమన్‌కూ రాజశేఖర్‌కూ ఏళ్ళ తరబడి మాట్లాడింది సాయికుమార్ అనీ, 1989 నాటి 'అంకుశం'లో ఆ పోలీసు అధికారి గర్జన ఆయనదేననీ మా తరం వాళ్ళు కాలేజీ క్యాంటీన్లలో చర్చించుకునేవారు. 2009లో వచ్చిన 'అరుంధతి'లో సోనూ సూద్ వేసిన పశుపతి పాత్రకు గొంతునిచ్చిన సాయికుమార్ తమ్ముడు రవిశంకర్‌కైతే ఆ సినిమాలో తాను పలికిన మాటే ఇంటిపేరైపోయింది, ఇవాళ ఆయన బొమ్మాళి రవిశంకర్. ఇప్పుడు అదే మనిషిని, సౌందర్యకు డబ్బింగ్ ఎవరు చెప్పేవారని అడిగి చూడండి. నగ్మాకు ఎవరు? విజయశాంతికి ఎవరు? చాలామంది ఆలోచనలో పడతారు. కొందరైతే, వాళ్ళ గొంతు వాళ్ళది కాదా అని ఎదురు ప్రశ్న వేస్తారు.

హీరోయిన్ల గురించి మనం మాట్లాడుకునే తీరులో నాకు ఎప్పటినుంచో కొట్టొచ్చినట్టు కనబడే లోటు ఇది. అందం గురించి, నాట్యం గురించి, కట్టిన చీరల గురించి, పెళ్ళి ఎవరితో ఎప్పుడన్న దాని గురించి, పారితోషికం గురించి గంటల కొద్దీ మాట్లాడుకుంటాం కానీ, ఆమె మాట ఎలా ఉంటుందన్న సంగతి మన ముచ్చట్లలోకి దాదాపు రాదు. దాదాపు నాలుగు దశాబ్దాల పాటు మన సినిమాల్లో కథానాయిక అంటే ముఖం ఒకరిది, మాట ఒకరిది, పాట మరొకరిది. ఆ మూడింటిలో ముఖాన్ని మాత్రమే నటి అనుకున్నాం. గొంతు లేని ముఖాన్ని మార్చడం తేలిక గనుకనే హీరోల అభిమానం తరాలు దాటి మనవళ్ళ దాకా వస్తుంటే, హీరోయిన్ల పట్ల మన మోజు మాత్రం నాలుగైదు సినిమాలకే కరిగిపోతోందని నా గట్టి అభిప్రాయం.

మొదటినుంచీ పరిస్థితి ఇలా ఉండేది కాదు. 1938లో 'మాలపిల్ల', 'గృహలక్ష్మి' చిత్రాలతో తెలుగునాట తొలి గ్లామర్ తారగా వెలిగిన కాంచనమాల కాలానికి తెరమీద కనబడిన మనిషే మాట్లాడాలి, ఆమే పాడాలి. ఆ మరుసటి ఏడాది 'వరవిక్రయం'తో వచ్చిన భానుమతి ఆ పద్ధతిని నేపథ్యగానం వచ్చిన తరువాత కూడా వదిలిపెట్టలేదు. 1951 నాటి 'మల్లీశ్వరి' చూడండి. నటన, మాట, పాట మూడూ ఒకే మనిషి నుంచి రావడం వల్ల ఆ పాత్రకు ఒక నిండుదనం వచ్చింది. చిలిపిగా మాట్లాడుతున్న అమ్మాయి పాటలోకి వెళ్ళినప్పుడు మనకు అతుకు కనబడదు. భానుమతి సెలబ్రిటీగా కూడా ప్రత్యేకమైన మనిషే. సొంత స్టూడియో నడిపింది, 1953లో 'చండీరాణి'కి మూడు భాషల్లో దర్శకత్వం వహించింది, కథలు రాసింది. సెట్టు మీద ఎవరికీ తల వంచలేదు. ఆ తల వంచకపోవడానికి మూల్యం కూడా చెల్లించింది. విజయా వారి 'మిస్సమ్మ'లో కొంత భాగం తీశాక నిర్మాత చక్రపాణితో మాట పట్టింపు వచ్చి తప్పుకోవలసి వచ్చింది, రెండో నాయికగా అనుకున్న సావిత్రి ఆ పాత్రలోకి వచ్చింది, సావిత్రి వేయవలసిన పాత్ర జమునకు దక్కింది.

ఆ మార్పు సినిమాకు మేలు చేసిందా, కీడు చేసిందా అన్న చర్చ పాత సినిమా ప్రియుల మధ్య ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది. నేను సావిత్రి పక్షం. 1955లో విడుదలైన ఆ సినిమాలో మేరీ పాత్ర చిరాకుపడే తీరు వినండి. వినండి అనే అంటున్నాను, చూడండి అనడం లేదు. గొంతు పెంచకుండానే కోపం, అభిమానం, బెట్టు, వాటి అడుగున ఎక్కడో భయం, అన్నీ ఒకే వాక్యంలో పలుకుతాయి. పాటలు పి. లీల పాడారు గానీ, మాట సావిత్రిదే. రెండేళ్ళ తరువాత వచ్చిన 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె చేసిన అభినయాన్ని అందరూ నడక గురించీ మీసం మెలేసే చేయి గురించీ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఎక్కువ ముచ్చట గొలిపేది, ఎస్వీ రంగారావు పలుకుబడిలోని దర్పాన్ని ఆమె తన సన్నని గొంతులోకి ఒంపుకున్న పద్ధతి. అది వేరొకరు డబ్బింగ్ చెప్పి ఉంటే ఆ సన్నివేశం సగానికి సగం పోయేది.

అప్పట్లో మాటలు సెట్టు మీదే రికార్డయ్యేవి. స్టూడియో గోడల మధ్య, చప్పుడు చేయని బరువైన కెమెరాల ముందు, పైన వేలాడే మైకు కింద నటించేవారు గనుక భాష రానివారికి తెలుగు సినిమాలో పెద్ద వేషం దొరకడం కష్టమయ్యేది. తరువాత రంగుల చిత్రాలు వచ్చాయి, అవుట్‌డోర్ షూటింగులు పెరిగాయి, తేలికైన ఆరిఫ్లెక్స్ కెమెరాలు వచ్చాయి. ఆ కెమెరా తిరుగుతుంటే వచ్చే చప్పుడుకు సెట్టు మీద మాట రికార్డు చేయడం కుదరని పని. అందుకని షూటింగులో, గుర్తు కోసం మాత్రమే రికార్డు చేసుకునే పైలట్ ట్రాక్ ఏదో ఒకటి పట్టుకుని, తరువాత థియేటర్లో కూర్చుని అందరూ తమ మాటలు తామే మళ్ళీ చెప్పుకోవడం మొదలైంది. వాణిశ్రీ, జయసుధ వంటివారికి అది ఇబ్బంది కాలేదు, తెలుగు వాళ్ళ సొత్తు. కానీ మాట తరువాత చెప్పుకోవచ్చు అన్న వెసులుబాటు ఒకసారి దొరికాక, మాట రాని మనిషినైనా తెచ్చుకోవచ్చు అన్న ఆలోచన రావడానికి ఎంతో కాలం పట్టలేదు. తొంభైల నాటికి బొంబాయి నుంచి, బెంగళూరు నుంచి, కొచ్చి నుంచి హీరోయిన్లు రావడం, పక్కన నిలబడిన అసిస్టెంట్ డైరెక్టరు ప్రాంప్టింగ్ ఇస్తుంటే పెదవులు కదపడం, మాట మరొకరు చెప్పడం మామూలైపోయింది.

ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించే మనిషి సరిత. 1978లో బాలచందర్ 'మరోచరిత్ర'తో ఆమెను పరిచయం చేసినప్పుడు తెలుగు ప్రేక్షకులు ఆ నల్లటి, పెద్ద కళ్ళ, మామూలు ఇంటి పిల్లను చూసి ఆశ్చర్యపోయారు. ఆమె మాట వినగానే ఆ ఆశ్చర్యం ఆరాధన అయింది. కాస్త బొంగురుగా, నిండుగా, ఏడుపుకూ నవ్వుకూ మధ్య ఎటైనా ఒరగగలిగిన గొంతు అది. దక్షిణాది భాషలన్నిటిలోనూ గొప్ప పాత్రలు వేసిన ఆ నటి, తరువాతి కాలంలో విజయశాంతి, నగ్మా, సౌందర్య వంటి ఎందరో కథానాయికలకు తన గొంతు అరువిచ్చారు. నిర్మాతలకు ఆమె గొంతు కావలసి వచ్చింది, ముఖం మాత్రం మరింత తెల్లనిది కావలసి వచ్చింది అని నేను అంటే కొందరు మిత్రులకు కోపం వస్తుంది. వయసు, పెళ్ళి, మారిన అభిరుచి వంటి కారణాలు వాళ్ళు చెబుతారు. అవన్నీ ఉండవచ్చు. కానీ అదే వయసు హీరోలు అప్పట్లో ఎవరి పక్కన స్టెప్పులేస్తున్నారో చూసుకుంటే, నా మాట పూర్తిగా కొట్టిపారేయవలసింది కాదని వాళ్ళూ ఒప్పుకోవాలి. 'భక్త ప్రహ్లాద'లో బాల ప్రహ్లాదుడిగా 1967లో ఆంధ్రదేశమంతటినీ మురిపించిన రోజారమణి కూడా కథానాయికగా రాణించిన తరువాత ఎంతోమంది నటీమణులకు మాట అయ్యారు. తరుణ్ తల్లిగా ఆమెను గుర్తుపట్టే ఈ తరం వాళ్ళకు ఆ సంగతి చాలావరకు తెలియదు.

డబ్బింగ్ అంటే పక్కన కూర్చుని మాటలు అప్పజెప్పడమని అనుకునేవారికి ఒక పూట ఆ థియేటర్లో కూర్చునే అవకాశం రావాలి. ఒక మిత్రుడి చలవ వల్ల నాకు వచ్చింది. చిన్న సినిమా, ఉత్తరాది నుంచి వచ్చిన కొత్త హీరోయిన్, డబ్బింగ్ చెబుతున్నది నడివయసు దాటిన ఒకావిడ. ఆవిడ లోపలికి వస్తూనే గాజులు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు, చెవి జూకాలు కూడా. ఫ్లాస్కులోని వేడినీళ్ళు రెండు గుక్కలు తాగి, స్టాండు మీద కాగితాలు చప్పుడు కాకుండా విడివిడిగా పరుచుకున్నారు. హెడ్‌ఫోన్లలో పైలట్ ట్రాకు వినబడుతోంది. అందులో హీరోయిన్ తడబాటు కన్నా ఆమెకు మాట అందిస్తున్న అసిస్టెంట్ డైరెక్టరు గొంతే గట్టిగా వినబడుతోంది. స్క్రిప్టులో ఉన్న డైలాగు "నాకు తెలియదు" అన్న రెండే మాటలు. కానీ తెరమీద ఆ అమ్మాయి, ప్రాంప్టింగ్ కోసం ఎదురుచూస్తూనో ఏమో, మాట మొదలుపెట్టే ముందు ఒకసారి పెదవులు కలిపి విడదీసింది. 'ప', 'బ', 'మ' వంటి అక్షరాలు లేకుండా పెదవులు కలవవు గనుక ఆ రెండు మాటలు అక్కడ అతకవు. రెండు టేకులు పోయాయి. మూడోసారి ఆవిడ ఎవరినీ అడగకుండా "ఏమో... నాకు తెలియదు" అన్నారు. ఆ ఒక్క 'ఏమో'తో సింక్ కుదిరింది. అంతకన్నా ముఖ్యంగా, రాతలో లేని ఒక సంకోచం, ఒక దొంగతనం ఆ పాత్రలోకి వచ్చింది. సౌండ్ ఇంజనీరు అద్దం వెనుక నుంచి బొటనవేలు చూపించాడు. సినిమా విడుదలయ్యాక ఆ సన్నివేశం బాగుందని అన్నవారంతా ఆ కొత్త హీరోయిన్ హావభావాలను మెచ్చుకున్నారు.

మాటలు లేని చోట పని ఇంకా ఎక్కువ. పరిగెత్తితే వచ్చే ఆయాసం, తలుపు తీసినప్పటి ఉలికిపాటు, ముక్కు ఎగబీల్చడం, నిద్రలో మూలుగు, వీటన్నిటినీ వాళ్ళ భాషలో రియాక్షన్లు అంటారు, అవన్నీ విడిగా ఇవ్వాలి. ఒకటే ఏడుపు సన్నివేశాన్ని సింక్ కోసం అయిదారు సార్లు ఏడ్చిన తరువాత ఆవిడ నిజంగానే కళ్ళు తుడుచుకుని, "ఇంకొక్కటి చూద్దామా బాబూ" అని ఇంజనీరును అడగడం నా చెవిలో ఇంకా ఉంది.

అరువు గొంతు ప్రతిసారీ అన్యాయమేనని నేను అనను. 2004లో శేఖర్ కమ్ముల 'ఆనంద్' తీసినప్పుడు కమలినీ ముఖర్జీకి గాయని సునీత డబ్బింగ్ చెప్పారు. రూప పాత్రలోని ఆత్మగౌరవం, ఒంటరితనం, ఎవరి జాలీ అక్కర్లేదన్న ఆ స్థిరత్వం సునీత గొంతులోని నిదానం వల్లే అంతగా నిలబడ్డాయని నా నమ్మకం. 2006 నాటి 'బొమ్మరిల్లు'లో హాసిని పాత్రకు జెనీలియా ముఖం ఎంత కారణమో, ఆమెకు మాట అందించిన సవితా రెడ్డి కూడా అంతే కారణం. తల ఒకసారే తగిలితే కొమ్ములొస్తాయని రెండోసారి కొట్టించుకునే ఆ పిల్ల అల్లరిని కొంచెం ఎక్కువ పలికి ఉంటే విసుగు పుట్టేది, కొంచెం తక్కువ పలికి ఉంటే చప్పబడేది. 'జల్సా'లో ఇలియానాకు గొంతునిచ్చింది, అప్పటికే కలర్స్ కార్యక్రమంతో ఇంటింటికీ తెలిసిన స్వాతి. 2010లో 'ఏ మాయ చేసావె'తో సమంత పరిచయమైనప్పుడు జెస్సీ మాటలను చిన్మయి చెప్పారు. ఆ గుసగుసలాంటి పలుకు ఎంతగా అతికిందంటే తరువాత చాలా ఏళ్ళ పాటు సమంత అంటే చిన్మయి, చిన్మయి అంటే సమంత అన్నట్టు నడిచింది. ఆ డబ్బింగ్‌కు చిన్మయికి నంది పురస్కారం కూడా వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. డబ్బింగ్ చెప్పేవారిగా జనానికి పేరు తెలిసిన ఆడవాళ్ళంటే సునీత, చిన్మయి, స్వాతి. ముగ్గురూ అంతకు ముందే పాటతోనో టీవీతోనో పేరు తెచ్చుకున్నవారే. కేవలం డబ్బింగ్ మీదనే బతికిన ఆడవాళ్ళలో జనం నోట నానిన పేరు ఒక్కటీ లేదు. సాయికుమార్‌కూ రవిశంకర్‌కూ ఆ దారిలోనే దక్కిన కీర్తి వీళ్ళకు ఎందుకు దక్కలేదు?

దానికి జవాబు మన హీరో ఆరాధనలోనే ఉందనుకుంటాను. మగ పాత్రకు మన సినిమా డైలాగు ఇస్తుంది. తొడగొట్టే డైలాగు, థియేటర్ బయట పిల్లలు వల్లించే డైలాగు, రింగ్‌టోనుగా పెట్టుకునే డైలాగు. అది పలికిన గొంతు ఎవరిదన్న ఆసక్తి దాని వెంటే వస్తుంది. ఆడ పాత్రకు మన రచయితలు ఇచ్చేది తరచుగా సంభాషణ కాదు, హీరోగారి మాటకు తాళం. "ఏంటి?", "నిజంగానా?", "వదులు" వంటి మాటలు ఎవరు పలికినా ఎవరికి గుర్తుంటుంది?

ఈ లెక్క మారడం మొదలైంది ఈ పదిహేనేళ్ళలోనే. 2011లో 'అలా మొదలైంది' కోసం నందినీరెడ్డి తెచ్చిన నిత్యా మీనన్ తన మాట తానే చెప్పుకుంది, పాటలు కూడా పాడింది. ఆ పాత్ర చిలిపిదనంలో కల్తీ లేకపోవడానికి అది ఒక కారణం. 2017లో 'ఫిదా' వచ్చింది. 'ఆనంద్' తీసిన శేఖర్ కమ్ములే తీశారు, పదమూడేళ్ళ తరువాత. ఈసారి నీలగిరి కొండల నుంచి వచ్చిన సాయిపల్లవి చేత బాన్సువాడ పిల్ల మాటలను ఆమె గొంతుతోనే చెప్పించారు. తెలంగాణ యాసను అప్పటిదాకా మన సినిమాలు హాస్యగాళ్ళకో రౌడీలకో పరిమితం చేశాయి. అటువంటి యాసలో కథానాయిక ప్రేమించింది, అలిగింది, నాన్న కోసం పెళ్ళినే వద్దంది. నా స్నేహితురాలు ఒకామె నిజామాబాద్ వైపు మనిషి, పదే పదే ఆ సినిమా చూసి, "ఆ పిల్ల అక్కడక్కడ తప్పు పలికింది గానీ, మా ఇంట్లో పిల్ల మాట్లాడినట్టే ఉంది" అంది. అక్కడక్కడ తప్పు పలకడం ఒక లోపమని ఆమెకు తోచలేదు, నాకూ తోచలేదు. భానుమతి అన్న ఆ పాత్ర ఎవరి ముఖంతోనో కాక ఒక నిండు మనిషిగా జనం మనసులో నిలబడింది. సాయిపల్లవి పట్ల తెలుగువారి అభిమానం ఇన్నేళ్ళైనా పలచబడకపోవడానికి నాట్యం ఎంత కారణమో మాట కూడా అంతే కారణం.

మరుసటి ఏడాది 'మహానటి'. సొంత గొంతుతో బతికిన సావిత్రి కథను తీస్తూ దర్శకుడు నాగ్ అశ్విన్ కీర్తి సురేశ్ చేత ఆమె గొంతుతోనే మాట్లాడించడం న్యాయంగా తోచింది. ఆ నటనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. కానీ ఆ సినిమాలో ఇంకొక చిన్న ముచ్చట ఉంది. మధురవాణి అన్న పాత్రికేయురాలిగా సమంత నటించింది. తెలుగు తెరమీద ఎనిమిదేళ్ళుగా అగ్రతారగా ఉన్న మనిషి తొలిసారిగా తన గొంతుతో మాట్లాడింది ఆ పాత్రలోనే, ఆ పాత్రకేమో నత్తి. తన మాట తనకు అందక తడబడుతూ వచ్చి, చివరకు గట్టిగా నిలబడే అమ్మాయి. దర్శకుడు కావాలని చేశాడో, యాదృచ్ఛికమో గానీ, ఇంతకన్నా సరైన చోటు దొరకదు.

సొంత డబ్బింగ్ ఇప్పుడు ఒక ఫ్యాషన్‌గా కూడా మారిందని ఒప్పుకోవాలి. విడుదలకు ముందు ప్రచారంలో, ఫలానా హీరోయిన్ తన పాత్రకు తానే డబ్బింగ్ చెప్పుకుందన్న వార్త ఒకటి తప్పకుండా వస్తుంది. మాటకు అర్థం తెలియకుండా అక్షరాలను మాత్రం బట్టీపట్టి చెప్పిన డబ్బింగ్ వినడం కన్నా, అర్థం తెలిసిన సునీత వంటివారు చెప్పినది వినడం నాకు వెయ్యి రెట్లు ఇష్టం. యాస వేరు కావడం నాకు అభ్యంతరం కాదు. వాక్యంలో ఏ మాట మీద ఊనిక పడాలో తెలియకపోవడం అభ్యంతరం. ఆ తేడా దర్శకుడికి తెలిసి ఉండాలి, హీరోయిన్‌కు మూడు నెలల ముందే స్క్రిప్టు అందాలి, భాష నేర్పే మనిషి పక్కన ఉండాలి. షూటింగు రోజు ఉదయం మేకప్ గదిలో డైలాగు చేతికిచ్చి, సాయంత్రానికి ఆమెకు తెలుగు రాలేదని విసుక్కోవడం మాత్రం తగదు.

హీరోయిన్ సొంత గొంతు మనకు వినబడే మరో చోటు ప్రీ-రిలీజ్ ఈవెంట్. మాదాపూర్ శిల్పకళావేదికలోనో, ఏ ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలోనో జరిగే ఆ సభలు టీవీలో చూస్తే మొత్తం సెలబ్రిటీ సంస్కృతి అరగంటలో అర్థమైపోతుంది. మాట్లాడే వరుసలోనే పెద్దరికం తెలుస్తుంది. హీరోగారు చిట్టచివర మాట్లాడతారు, హీరోయిన్ వంతు చాలా ముందే వచ్చేస్తుంది. "అందరికీ నమస్కారం, ఎలా ఉన్నారు?" అనగానే హాలంతా ఈలలు. ఆమె మూడో వాక్యానికి వచ్చేసరికి హీరో పేరు పెట్టి అరుపులు మొదలవుతాయి. ఆ అరుపుల మధ్య ఆమె నవ్వుతూ ఆగి, హీరోగారిని నాలుగు మాటలు పొగిడి, మైకు తిరిగి ఇచ్చేస్తుంది. ఆ అరుపులు చేసేవారు ఆమె అభిమానులు కారా అంటే అవుననే చెబుతారు, ఫోనులో ఆమె ఫొటో కూడా ఉంటుంది. మాట వినే ఓపిక మాత్రం లేదు.

ఈ అభిమానానికి పరాకాష్ఠ బాపట్ల జిల్లా ఆలపాడులో చూశాం. 2023లో అక్కడ ఒక అభిమాని తన ఇంటి ఆవరణలో సమంతకు గుడి కట్టి విగ్రహం పెట్టాడు. తమిళనాట ఖుష్బూకు గుడి కట్టారని చిన్నప్పుడు విని నవ్వుకున్న మనవాళ్ళు, ఆ వార్తకు కూడా నవ్వుకున్నారు. ఆ కుర్రవాడి భక్తిని వెక్కిరించాలని నాకు లేదు. ఆమె చేసిన సేవా కార్యక్రమాల పట్ల గౌరవంతోనే కట్టానని చెప్పాడు, ఎవరి డబ్బూ అడగలేదు. అయితే ఆ తరువాతి ఏడాదే, మలయాళ సినిమా రంగంలో మహిళల స్థితిగతులపై కేరళలో హేమ కమిటీ నివేదిక వెలువడిన ఆగస్టు నెలలో, తెలుగు సినీ పరిశ్రమలో మహిళల పరిస్థితిపై తెలంగాణలో సిద్ధమైన ఉపసంఘం నివేదికను బయటపెట్టాలని సమంత తన ఇన్‌స్టాగ్రామ్‌లో కోరినప్పుడు, ఆ మాటకు వచ్చిన స్పందన ఆ విగ్రహానికి వచ్చిన ప్రచారంలో ఎన్నో వంతు?

మాట్లాడితే ఏమవుతుందో చిన్మయి కథ చెబుతుంది. 2018లో ఆమె తమిళ గీత రచయిత వైరముత్తుపై లైంగిక వేధింపుల ఆరోపణ చేశారు, ఆయన వాటిని ఖండించారు. ఆ కొద్ది రోజులకే చెన్నైలోని డబ్బింగ్ కళాకారుల సంఘం, సభ్యత్వ రుసుము బాకీ ఉందన్న కారణం చూపి, ఆమెను తొలగించింది. ఆ ఏడాదే '96' చిత్రంలో త్రిష పాత్రకు ఆమె చెప్పిన డబ్బింగ్‌ను తమిళనాడంతా నెత్తిన పెట్టుకుంది. ఆ తరువాత తమిళంలో ఆమె గొంతు మళ్ళీ పెద్ద సినిమాలో వినబడడానికి 2023లో 'లియో' దాకా ఆగవలసి వచ్చింది. ఎన్ని ముఖాలకు మాట ఇచ్చినా, తన సొంత మాట చెప్పుకున్నందుకు పని పోయిన మనిషి ఆమె అని నేను అర్థం చేసుకున్నాను.

2004 ఏప్రిల్ 17న సౌందర్య ఎన్నికల ప్రచారం కోసం కరీంనగర్ బయలుదేరి, బెంగళూరు దగ్గర విమానం కూలి మరణించినప్పుడు, టీవీ చానెళ్ళు రోజంతా ఆమె సినిమాల్లోని సన్నివేశాలు వేస్తూనే ఉన్నాయి. మా ఇంట్లో ఆడవాళ్ళు సొంత మనిషి పోయినట్టు ఏడ్చారు. ఆ సన్నివేశాల్లో వినబడుతున్న గొంతులు సౌందర్యవి కావు, ఆ గొంతుల వాళ్ళు ఆ రోజు ఏ డబ్బింగ్ థియేటర్లోనో ఎవరికో మాట అందిస్తూ ఉండి ఉంటారు. మధ్యలో ఒక చానెల్ పాత ఇంటర్వ్యూ ఒకటి వేసింది. అందులో సౌందర్య తన గొంతుతో, కన్నడ వాసన సన్నగా తగులుతున్న చక్కని తెలుగులో, తీరిగ్గా మాట్లాడుతోంది. మా పిన్ని కళ్ళు తుడుచుకుంటూ, "అయ్యో, ఇంత బాగా మాట్లాడేదా ఈ పిల్ల" అంది.

ఇవాళ ఇంట్లో కూర్చుని ఓటీటీలో సినిమా చూసేవారికి ఒక సౌకర్యం ఉంది, పేర్లు మొదలు కాగానే తరువాతి సినిమా మీదికి యాప్ తనంతట తానే లాక్కెళ్ళిపోతుంది. డబ్బింగ్ చెప్పినవారి పేర్లు ఉండేదే అక్కడ, అదీ వేసినప్పుడు. ఒక్కొక్కసారి 'డబ్బింగ్ ఆర్టిస్టులు' అన్న శీర్షిక కింద పది పేర్లు కలిపి వేస్తారు, ఎవరు ఎవరికి చెప్పారో ఉండదు. ఫైట్ మాస్టరుకు, స్టిల్ ఫొటోగ్రాఫరుకు, హీరోగారి మేకప్‌మన్‌కు విడిగా పేరు వేసేవారికి, కథానాయిక పేరు పడిన చోటే కింద చిన్న అక్షరాలతో ఆమె గొంతు పేరు కూడా వేయడానికి ఏమాత్రం ఖర్చు కాదు. అలా వేసిన మొదటి తెలుగు నిర్మాత సినిమాకు, కథ ఏదైనా సరే, హీరో ఎవరైనా సరే, నేను మొదటి ఆటకే టిక్కెట్టు కొంటాను.